మిగిలిన నాలుగు నిమిషాలు

మా ఇంట్లో పోట్లాటకి ఒక పద్ధతి ఉండేది. నాన్న పెట్టిన పద్ధతి. ఆయన కోర్టులో టైపిస్టు. పాతికేళ్ళపాటు రెండు పక్షాల వాదనలూ ఆయన వేళ్ళ మీదుగానే కాగితం మీదికి వెళ్ళాయి. ఇంట్లో ఇద్దరికి మాట కుదరకపోతే ముందుగదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించేవాడు. నా కుర్చీలో నువ్వు కూర్చోవాలి, నీ కుర్చీలో నేను కూర్చోవాలి. ఎవరి కుర్చీలో కూర్చుంటే వాళ్ళ పక్షాన పది నిమిషాలు మాట్లాడాలి. నేను సినిమాకి వెళ్తానని పేచీ పెడితే, ఎందుకు వెళ్ళకూడదో నేనే చెప్పాలి. ఎందుకు పంపించాలో అమ్మ చెప్పాలి. వెక్కిరించకూడదు. మొక్కుబడిగా చెప్పకూడదు. మాటలు ముందే అయిపోతే మిగిలిన నిమిషాలు ఆ కుర్చీలోనే నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ తరవాత ఎవరి కుర్చీలోకి వాళ్ళు వచ్చి, ఏం చేద్దామో ఒక్క మాటలో చెప్పాలి.

దీన్ని కుర్చీలు మార్చుకోవడం అనేవాళ్ళం. సగం గొడవలు కుర్చీలు వేయకముందే తీరిపోయేవి. వాటిని మోసుకురావడానికి అందరికీ బద్ధకమే.

అమ్మ పోయేటప్పటికి మా చెల్లెలికి రెండేళ్ళు, నాకు పద్దెనిమిది. దానికి తొమ్మిదేళ్ళప్పుడు నాన్న కూడా పోయాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, కోర్టులో టైపు మిషన్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల వాల్చేశాడు. సిగరెట్లు తాగేవాడు కనక అందరం ఆ తప్పు సిగరెట్ల మీద వేశాం. మరో ప్రశ్న ఎవరూ అడగలేదు.

అప్పటికి నాకు బడిలో ఉద్యోగం వచ్చింది. ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. చెల్లెల్ని నేనే పెంచాను. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేదనీ, అయినా ఏడిస్తే వీధంతా వినపడేదనీ నాన్న దానికి మిరియం అని పేరు పెట్టాడు. పెద్దయ్యాక ఆ పేరు దానికి ఇంకా బాగా అతికింది. నన్ను మామూలుగా అక్కా అనేది. ఒళ్ళు మండితే టీచరమ్మా అనేది.

దానికి పద్దెనిమిది నిండిన ఏడాది, ఒకే వారంలో రెండు కవర్లు వచ్చాయి. ఒకటి విశ్వవిద్యాలయం నుంచి: ఫిజిక్స్ డిగ్రీలో సీటు. రెండోది ఒక విమానాల కంపెనీ నుంచి. వాళ్ళు పరీక్ష పెట్టి పన్నెండు మందిని ఎంచుకున్నారు. విమానం నడపడం నేర్పే శిక్షణ ఖర్చంతా కంపెనీదే, తరవాత ఉద్యోగం కూడా అక్కడే. మా మిరియం ఆ పన్నెండులో ఏడోది. డబ్బు మాట రాని చోట కాదనడానికి నాకు వేరే కారణం కావాల్సి వచ్చింది. నాకున్న కారణం డిగ్రీ.

మూడు రోజులు అదే మాట తిప్పి తిప్పి మాట్లాడుకున్నాం. నేను బీరువాలోంచి ఉతికిన బట్టలు తీసి మళ్ళీ మడతపెడుతుంటే అది గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“టీచరమ్మా, అవి ఇందాకే మడతపెట్టావు.”

“సరిగ్గా రాలేదు.”

“నీ మొహం చూస్తే నేనేదో కాపీ కొడుతూ నీ చేతికి దొరికినట్టుంది.”

“మూడేళ్ళే కదే. డిగ్రీ అవనీ. ఆ తరవాత నువ్వు చంద్రుడి మీదికి వెళ్తానన్నా నేను అడ్డం రాను.”

“చంద్రుడి మీదికయితే పీహెచ్‌డీ అడుగుతావు.”

నవ్వు రాకుండా ఆపుకోవడానికి మొహం బీరువా వైపు తిప్పుకున్నాను. అది మాత్రం నవ్వలేదు.

“అక్కా, కుర్చీలు మార్చుకుందాం,” అంది.

నాన్న పోయాక మేమిద్దరం కుర్చీలు వేసుకున్నది అదే మొదటిసారి. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అనుకున్నాం. నిమిషాలు చూడటానికి బాబాయిని పిలిచాం. ఆయన నాన్నకి తమ్ముడు. పక్క వీధిలో గడియారాలు బాగుచేసే కొట్టుంది. ఎవరో రిపేరుకిచ్చి మళ్ళీ రాని అలారం గడియారం ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు.

“తీర్పు నువ్వే చెప్పాలి బాబాయ్,” అంది చెల్లెలు.

“నాకు తీర్పులు చేతకావమ్మాయ్. నేను గడియారాన్నే. టిక్కుటిక్కుమని కూర్చుంటాను, మోగాల్సినప్పుడు మోగుతాను,” అన్నాడాయన.

నాది పేము కుర్చీ. దానిది మడిచే ఇనప కుర్చీ, కూర్చుంటే కిర్రుమనేది. పేము కుర్చీలో అది కూర్చుంది, డిగ్రీ పక్షాన. ఇనప కుర్చీలో నేను కూర్చున్నాను, విమానం పక్షాన.

వాదనకి నేను బాగానే సిద్ధమయ్యాను. ఎదుటి పక్షానికి అన్యాయం చేయకూడదని నాన్న నేర్పిన మాట. ఆ కంపెనీ పంపిన పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాను. శిక్షణ కేంద్రానికి ఫోన్ చేసి అక్కడి గుమాస్తాని అరగంట విసిగించాను. పాఠానికి నోట్సు రాసుకునేటట్టే, మిగిలిపోయిన జవాబు కాగితం ఒకటి తీసుకుని, పెన్సిల్‌తో అంకెలు వేసి ఏడు కారణాలు రాసుకున్నాను. నాలుగు ఒక వైపు వచ్చాయి. మూడు కాగితం వెనక్కి వెళ్ళాయి.

మొదట చెల్లెలు మాట్లాడింది.

ఏదో ఒకటి చెప్పి తన పని అయిందనిపిస్తుందనుకున్నాను. అలా చేయలేదు. కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను తరగతిలో కూర్చునేటట్టే కూర్చుంది.

“విమానం నడిపేవాడికి ఏటా వైద్యపరీక్ష ఉంటుంది,” అని మొదలుపెట్టింది. “ఒక డాక్టరు ఒక్క సంతకంతో నన్ను నేలకి దింపెయ్యగలడు. ఇరవై రెండేళ్ళకే దింపేశాడనుకో, అప్పుడు నా చేతిలో ఏముంటుంది? పన్నెండో తరగతి కాగితం. డిగ్రీని ఏ డాక్టరూ వెనక్కి తీసుకోలేడు.”

బాబాయి తలూపాడు. గడియారాలు తలూపవని గుర్తొచ్చి ఆపేశాడు.

“రెండోది. రెక్క కింద గాలి ఏం చేస్తుందో నాకు బొమ్మగా తెలుసు, లెక్కగా తెలీదు. తెలుసుకోవాలని నాకుంది. ఇది అక్కకోసం చెప్పడం లేదు, నిజంగానే ఉంది. మూడోది. విమానం మూడేళ్ళు ఆగుతుంది. ఇరవై ఒకటికి కూడా తీసుకుంటారు, కనుక్కున్నాను. కానీ ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు వెళ్ళి పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని చదవమంటే నేను చదవను. నా సంగతి నాకు తెలుసు.”

అలా ఎనిమిది నిమిషాలు చెప్పింది. అయిపోయిందనుకున్నాను.

“ఇంకొకటి ఉంది. మా అక్క నోరు తెరిచి చెప్పదు కాబట్టి ఈ కుర్చీలో కూర్చున్న నేనే చెప్పాలి. అక్కకి నేను తప్ప ఎవరూ లేరు. నేను పైన ఉన్నంతసేపూ కింద ఆవిడ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. ఒక మనిషిని ఏళ్ళ తరబడి అలా కూర్చోబెట్టే ముందు మూడేళ్ళు ఆగడం పెద్ద పని కాదు.”

అలారం మోగింది. బాబాయి దాన్ని ఆపి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“ఇప్పుడు పెద్దమ్మాయి,” అన్నాడు.

నేను కాగితం చూసి మాట్లాడాను. ఎంత చిన్నవయసులో మొదలుపెడితే గాలిలో అంత ఎక్కువ గంటలు జమపడతాయన్నాను. కంపెనీయే నేర్పి కంపెనీయే ఉద్యోగం ఇస్తుందన్నాను. పన్నెండు మందిలో ఒకరిగా రావడం మాటలు కాదన్నాను. కావాలంటే డిగ్రీని తరవాత దూరవిద్యలో కూడా చదువుకోవచ్చన్నాను. నాలుగూ నిజాలే. నాలుగూ వాళ్ళ పుస్తకంలో ఉన్నవే. పిల్లలు పరీక్షలో రాసే జవాబుల్లా తప్పు లేకుండా, ఉప్పు లేకుండా చెప్పాను.

అప్పటికి ఆరు నిమిషాలయింది. కాగితం వెనక ఇంకా మూడున్నాయి. నేను కాగితం తిప్పలేదు.

“ఇంతే,” అన్నాను.

ఆ మూడిట్లోనే అసలు బలం ఉందని నాకు తెలుసు. తెలిసే ఆపాను. నియమం ప్రకారం మిగిలిన నాలుగు నిమిషాలూ అందరం మాట్లాడకుండా కూర్చున్నాం. నాకు ఇనప కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా పట్టుబడ్డట్టు అనిపించింది. చెల్లెలు నావైపే చూస్తోంది. ఇంకేమైనా చెబుతానేమోనని చూస్తోందని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను.

అలారం మోగాక ఎవరి కుర్చీలోకి వాళ్ళు మారాం.

“అక్కా, నేను గెలిచేశానే,” అంది. “నా మీద నేనే.”

మర్నాడు కంపెనీకి రానని రాసి పంపింది.

* * *

నేను దాన్ని నేల మీద ఉంచాలనుకున్నాను. నేల మీద ఉంటే చాలనుకున్నాను.

చదువు దానికి నచ్చింది. ఈ మాట నేను నన్ను ఓదార్చుకోవడానికి చెప్పడం లేదు. హాస్టల్ నుంచి ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, ఆ వారం ప్రయోగశాలలో ఏం పగలగొట్టిందో ముందు చెప్పి, తరవాత ఏం నేర్చుకుందో చెప్పేది. రెండో ఏడు గాలి సొరంగం ముందు నిలబడి రెక్క నమూనా మీద పొగ పారించి చూశానని చెప్పిన రోజు గంటన్నర మాట్లాడింది. “లెక్కగా కూడా తెలిసిందక్కా,” అంది. మూడో ఏడు కంపెనీకి మళ్ళీ దరఖాస్తు పెట్టింది. నన్ను అడగలేదు. పెట్టానని, జవాబు డిగ్రీ పరీక్షలయ్యాక వస్తుందని చెప్పింది. మంచిది అన్నాను.

ఒక ఆదివారం, మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోందని కూడా చెప్పింది.

“కుర్చీకి అతుక్కుపోయి చదువుతుంటే ఆయాసం రాక ఏమొస్తుంది? పొద్దున్నే లేచి నాలుగు అడుగులు పరిగెత్తు,” అన్నాను.

“సరే టీచరమ్మా,” అంది. పరిగెత్తిందట. తరవాత దాని గదిలో ఉండే అమ్మాయి చెప్పింది.

చివరి పరీక్ష అయిన నాలుగో రోజు, హాస్టల్ ఖాళీ చేసే ముందు, క్లియరెన్స్ ఫారం మీద సంతకాలు పెట్టించుకుంటూ తిరిగింది. ప్రయోగశాల, హాస్టల్, ఆటల విభాగం, మెస్సు అన్నీ అయ్యాయి. లైబ్రరీ ఒక్కటే మిగిలింది. లైబ్రరీ మూడో అంతస్తులో ఉంది, నాలుగున్నరకి కౌంటరు మూసేస్తారు. నాలుగూ ఇరవై ఐదుకి మెట్లు ఎక్కడం మొదలుపెట్టిందని కింద కాపలా మనిషి చెప్పాడు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మలుపులో పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది.

అక్కడి పెద్ద డాక్టరు నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు. మంచి మనిషి. అర్థమయ్యేలా చెప్పాడు.

“గుండె గోడ మామూలుకన్నా బాగా మందంగా ఉందమ్మా. పుట్టుకతో వచ్చే గుణం ఇది. మనిషిని పైకి చూస్తే ఏమీ తెలీదు. ఎప్పుడైనా ఈసీజీ తీయించారా?”

“లేదండీ.”

“ఈసీజీలో దాదాపు తెలిసిపోతుంది.”

“తెలిస్తే ఏం చేసేవారు?”

ఆయన కాసేపు చెప్పాలా వద్దా అన్నట్టు నావైపు చూశాడు.

“మందులున్నాయి. అవసరమైతే ఛాతీలో చిన్న పరికరం పెడతాం, గుండె గతి తప్పితే అదే సరిచేస్తుంది. పరుగులూ అవీ మానమంటాం. చాలామంది ముసలివాళ్ళయ్యేదాకా బాగానే ఉంటారు. మీరు కూడా తీయించుకోండి. ఇంట్లో ఇంకెవరైనా ఇలా హఠాత్తుగా…?”

“మా నాన్న,” అన్నాను.

నాది తీశారు. మామూలుగానే ఉంది.

ఏటా ఎనిమిదో తరగతికి గుండె బొమ్మ బోర్డు మీద వేస్తాను. నాలుగు గదులు. ఎడమ వైపు కింది గది గోడ మిగతావాటికన్నా మందంగా గీయాలని పిల్లలకి పదేపదే చెబుతాను, లేకపోతే ఒక మార్కు పోతుంది. ఈ ఏడాది కూడా బొమ్మ వేశాను. ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి సుద్దముక్క పట్టుకున్న చెయ్యి కదల్లేదు. “టీచర్, అక్కడ లావుగా గీయాలి కదా?” అని ముందు బెంచీ పిల్ల గుర్తుచేసింది. “నువ్వు వచ్చి గియ్యి,” అన్నాను. చక్కగా గీసింది.

* * *

ఫలితాలు వచ్చాయి. మొదటి తరగతిలో పాసయింది. డిగ్రీ పట్టా ఇవ్వడానికి క్లియరెన్స్ ఫారంలో ఒక సంతకం తక్కువైందనీ, ఇంటివాళ్ళు ఎవరైనా వచ్చి పూర్తిచేయించవచ్చుననీ విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. నేను సెలవు పెట్టి వెళ్ళాను.

దాని సంచీ ఆసుపత్రివాళ్ళు ఇచ్చినప్పటినుంచీ విప్పలేదు. ఆ రోజు బస్సులో ఒళ్ళో పెట్టుకుని విప్పాను. ఫారం నాలుగు మడతలు పెట్టి ఉంది. గడులన్నీ దాని చేతిరాతతో, ఎప్పటిలాగే అక్షరాలు కుడివైపుకి పరిగెడుతున్నాయి. ఫారం కింద లైబ్రరీ పుస్తకం ఉంది. ఆ రోజు తిరిగి ఇచ్చేద్దామని తీసుకెళ్ళిన పుస్తకం.

ఆ మెట్లు నేనూ ఎక్కాను. మొత్తం అరవై ఆరు. మలుపులో కిటికీ ఉంది. కిటికీలోంచి సైకిళ్ళ స్టాండు కనిపిస్తుంది. నేను ఆగలేదు.

కౌంటరులో ఉన్న లైబ్రేరియన్‌కి యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు గొలుసుకి వేలాడేసుకుంది. ఫారం మీద పేరు చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది.

“మీరు…”

“అక్కనండీ.”

“కూర్చోండి అక్కడ.”

“పర్లేదండీ.”

ఆవిడ పుస్తకం తీసుకుని, అలవాటుగా పేజీలు ఒకసారి బొటనవేలి కింద జార్చి చూసింది. మధ్యలో ఒక కాగితం దగ్గర ఆగింది. మడతల దగ్గర చిరిగి, టేపుతో అతికించిన కాగితం. తీసి చూసి, నావైపు రెండు చేతులతో చాచింది.

“ఇది మీ చెల్లెలిది. మూడేళ్ళుగా ఆ పిల్ల తీసుకెళ్ళిన ప్రతి పుస్తకంలోనూ ఇదే కాగితం. ఒకసారి మరిచిపోయి పుస్తకంతో పాటు ఇచ్చేసింది. పావుగంటలో పరిగెత్తుకుంటూ వచ్చింది. ‘అంత ముఖ్యమైతే బీరువాలో పెట్టుకోవచ్చుగా’ అన్నాను. ‘బీరువాలో పెడితే ఎక్కడిదాకా చదివానో తెలీదండీ’ అంది.”

ఆవిడ ఫారం మీద సంతకం పెట్టి, ముద్ర వేసి, ముద్ర ఆరేదాకా మెల్లగా ఊదింది.

కాగితం నేను అక్కడే విప్పాను. ఆ విమానాల కంపెనీ ఉత్తరం. అప్పటి కవరులోనే వచ్చిన రెండో కాగితం. అప్పట్లో నేను చూడలేదు. ఎంపికైన అభ్యర్థి శిక్షణలో చేరే ముందు వైద్యపరీక్షకి హాజరు కావాలి. తేదీ. గురువారం. ఉదయం పదిన్నర. పరగడుపున రావాలి. కింద పరీక్షల జాబితా: చూపు, రంగులు, వినికిడి, రక్తం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ.

మేము కుర్చీలు మార్చుకున్నది అంతకు నాలుగు రోజుల ముందు.

పట్టా ఆఫీసులో గుమాస్తా కుర్రవాడు రిజిస్టరు నావైపు తిప్పి, “అభ్యర్థి సంతకం ఇక్కడండీ,” అన్నాడు. మళ్ళీ తనే నాలుక కరుచుకుని, “మీరే పెట్టండి మేడమ్, పర్లేదు,” అన్నాడు. పెట్టాను. పట్టా గట్టి కాగితం. దాని పేరు మధ్యలో పెద్ద అక్షరాలతో ఉంది. ఏ డాక్టరూ వెనక్కి తీసుకోలేడు.

* * *

ఇంటికి వచ్చేసరికి బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆదివారం కాకపోయినా కొట్టు మూసేసి వచ్చాడు. పట్టా చేతికిచ్చాను. కళ్ళజోడు పైకెత్తి, గడియారం లోపలి ముళ్ళని చూసేటట్టు చాలా దగ్గరగా పెట్టుకుని చదివాడు.

“బాగా వచ్చింది,” అన్నాడు.

రెండో కాగితం కూడా ఇచ్చాను. అది చదవడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. చదివి పట్టా మీద పెట్టాడు. నేను లోపలికి వెళ్ళి, పాఠాల నోట్సు దాచుకునే ఫైలు తెచ్చాను. నేను కాగితాలు పారెయ్యను. అందులోంచి ఆనాటి జవాబు కాగితం తీసి వెనక వైపు తిప్పి ఆయన ముందు పెట్టాను.

పెన్సిల్ రాత కొంచెం మాసింది. అయినా చదవడానికి వస్తుంది.

“ఐదు. ఏటా ఒళ్ళంతా పరీక్ష చేస్తారు. గుండె, కళ్ళు, చెవులు. మనం చూసుకునేదానికన్నా వాళ్ళే బాగా చూసుకుంటారు.”

బాబాయి వేలు ఆ వరస మీదే ఆగిపోయింది.

“నాకు తెలుసమ్మాయ్,” అన్నాడు.

“ఏం తెలుసు?”

“ఆ రోజు ఆరు నిమిషాలకే ఆపావు. కాగితం వెనక కూడా రాసుందని వెలుతుర్లో నాకు కనబడుతూనే ఉంది.”

“మరి అడగలేదేం?”

ఆయన పట్టా అంచు వేలితో రాస్తూ కూర్చున్నాడు.

“గడియారాన్నన్నాను కదా, ఆ మాట చాటున కూర్చున్నాను. నాకూ అది నేల మీద ఉంటేనే బాగుండుననిపించింది.”

ఎదురింటావిడ మేడ మీద దుప్పటి దులుపుతోంది. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

“అయితే ఆ గురువారం వెళ్ళి ఉంటే…”

“వెళ్ళి ఉంటే పనికిరావని రాసి పంపేసేవాళ్ళు, బాబాయ్. విమానం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఇంటికొచ్చి తలుపులు ధడేలుమనిపించేది. నాతో నెల రోజులు మాట్లాడేది కాదు. మందులు వేసుకోమంటే విసిరికొట్టేది. ఆ తరవాత వెళ్ళి ఈ డిగ్రీలోనే చేరేది.”

“ఈ డిగ్రీలోనే,” అన్నాడాయన.

“ఇదే పట్టా. తనే వచ్చి తీసుకునేది.”

అంతకన్నా ఏమీ లేదు. మేము మూడు రోజులు తూచిన రెండు దారులూ ఒకే గుమ్మానికి చేరేవి. ఒక దారిలో మాత్రం మధ్యలో ఒక డాక్టరు కూర్చుని ఉన్నాడు. దాన్ని ఆయన దగ్గరికి పంపే మాట నా చేతిలో, కాగితం వెనక, అంకె వేసి ఉంది.

నేను లేచి ముందుగదిలో కుర్చీలు వేశాను. బాబాయి గుమ్మంలోంచి చూశాడు. వద్దనలేదు. చెప్పులు విడిచి వచ్చి, అలమరలో ఉన్న అలారం గడియారం తీసి, కీ ఇచ్చాడు. మా ఇంట్లోనే ఉండిపోయింది అది.

“ఎంతకి పెట్టను?”

“నాలుగు నిమిషాలు.”

ఇనప కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా నా పేము కుర్చీ. ఆ రోజు చెల్లెలు అందులో కాళ్ళు దగ్గరికి పెట్టుకుని నావైపు చూస్తూ కూర్చుంది.

“ఐదు,” అన్నాను. చదివాను. తరగతిలో చదివే గొంతుతోనే చదివాను. అది తప్ప నాకు వేరే గొంతు రాలేదు.

“ఆరు. ఎంపిక రోజున దీన్ని ఇరవై నిమిషాలు విమానంలో తిప్పారు. నేను కంచె బయట నిలబడి చూశాను. దిగి వచ్చాక తిరుగు ప్రయాణంలో బస్సులో రెండు గంటలు ఒక్క మాట మాట్లాడలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఇది రెండు గంటలు ఊరుకున్నది నేను చూడలేదు. భయపడ్డావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. కిటికీ అద్దంలో దాని మొహం కనబడింది. అలాంటి మొహం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ మొహం ముందు నా డిగ్రీ మాట నిలబడదు.”

కాగితంలో ఇంత రాసి లేదు. “బస్సులో మౌనం” అని మాత్రమే ఉంది.

“ఏడు. నేను వద్దనడానికి కారణం చదువు కాదు. భయం. అది నా భయం, దాని భయం కాదు. నా భయాన్ని దాని చేత మోయించే హక్కు నాకు లేదు.”

కాగితం అయిపోయింది. గడియారంలో ఇంకా నిమిషం పైనే ఉంది. నియమం ప్రకారం కదలకుండా కూర్చున్నాను. బాబాయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కుర్చీ ఒకసారి కిర్రుమంది.

అలారం మోగింది. బాబాయి ఆపలేదు. కీ ఇచ్చినదంతా అయిపోయేదాకా మోగి, దానంతట అదే ఆగింది.

లేచి నా కుర్చీలోకి మారాను. ఏం చేద్దామో ఒక్క మాటలో చెప్పాలి.

“వెళ్ళమ్మా,” అన్నాను. “గురువారం పదిన్నరకి. పొద్దున్న ఏమీ తినకు.”